పనుల నెలలో పారాయణం

కార్తిక పురాణాన్ని తెలుగు ఇళ్లలో రోజుకో అధ్యాయం చొప్పున ముప్పై అధ్యాయాలు చదువుతారు. దీపావళి అమావాస్య తర్వాతి పాడ్యమితో మొదలై అమావాస్యతో ముగిసే ఈ పారాయణానికి గురువు దగ్గర కూర్చోనక్కర్లేదు, గుడికి వెళ్లనక్కర్లేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివితే తక్కినవాళ్లు వింటారు. స్కాంద పురాణంలోదిగా చెప్పుకునే ఈ కథలు వసిష్ఠుడు జనక మహారాజుకు చెప్పినట్టుగా నడుస్తాయి. అజామిళుడి కథ, అంబరీషుడి ద్వాదశీ వ్రతం, దుర్వాసుడి కోపం అందులోవే. చాంద్రమాసానికి తిథులు 30 అయినా రోజులు సుమారు 29.5 మాత్రమే కాబట్టి కొన్నేళ్లు నెల 29 రోజులకే అయిపోతుంది. అప్పుడు ఒకనాడు రెండు అధ్యాయాలు చదివి లెక్క సరిచేసుకుంటారు. 2025లో కార్తికం అక్టోబరు 22న మొదలై నవంబరు 20న ముగిసింది. ఆ ఏడు ఆ అవసరం రాలేదు.

ఇది తీరికైన నెల కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా వరి కోతకొచ్చేది ఇప్పుడే. తెలంగాణలో వడ్లు కల్లాల్లో ఆరబోసి కొనుగోలు కేంద్రం దగ్గర వంతు కోసం కాచుకునే రోజులూ ఇవే. ఇంట్లో చూస్తే తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సోమవారాల ఉపవాసం, నాగుల చవితికి పుట్టలో పాలు, క్షీరాబ్ది ద్వాదశికి తులసికోట దగ్గర కల్యాణం, పున్నమినాడు 365 వత్తుల దీపం, ఆదివారం వచ్చిందంటే ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. పిల్లల బడి, పెద్దల ఉద్యోగం వీటికోసం ఆగవు. వీటన్నిటి మధ్యా సందు చూసుకుని పుస్తకం తెరవాలి. ఇంత హడావుడిలో, పొయ్యి మీద ఒక కన్ను వేసి చదివిన అధ్యాయం చదివినట్టేనా? చదువుకు ఏకాంతమూ కదలని మనసూ కావాలనుకుంటే ఇల్లే దానికి అడ్డం. ఇంటి నడుమనే చదవాలన్నది మొదటినుంచీ ఉన్న ఉద్దేశమైతే, అలాంటి చదువు దేనితో నిండుతుందో చెప్పాలి. ప్రాచీన గ్రంథాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. వాటి జవాబు ఇంటివైపే మొగ్గుతుంది.

తెలుగునాట వేదం చెప్పుకున్న కుటుంబాల్లో ఎక్కువ భాగం కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖవి. ఆ శాఖకు చెందిన తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో తొమ్మిదో అనువాకం మనిషి చేయవలసిన పన్నెండు పనులను వరసగా చెబుతుంది: ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నులు, అగ్నిహోత్రం, అతిథులు, మానుషం, ప్రజ, ప్రజనం, ప్రజాతి. ప్రతి పని పక్కనా ఒకే జంట మళ్లీ మళ్లీ వస్తుంది. అది స్వాధ్యాయమూ ప్రవచనమూ. తాను చదువుకోవడం, చదివినది మరొకరికి చెప్పడం. వరస ఎటు నడుస్తోందో గమనించాలి. సత్యంతో, తపస్సుతో మొదలైనది ఇంటికి వచ్చిన చుట్టాల మీదికి, పిల్లల మీదికి దిగుతుంది. మానుషమంటే లోకవ్యవహారమనీ, ప్రజాతి అంటే కొడుక్కి పెళ్లి చేసి మనవణ్ణి చూడడమనీ శంకరులు వ్యాఖ్యానించారు. అంటే పెళ్లిపనుల్లో తలమునకలైన ఇంటి యజమానిని దృష్టిలో పెట్టుకునే ఈ మాట చెప్పినట్టయింది. ఈ పనులన్నీ నెత్తిన ఉన్నవాడు సైతం స్వాధ్యాయ ప్రవచనాలను ప్రయత్నపూర్వకంగా చేయాలి కాబట్టే ప్రతిదానితోనూ వాటిని కలిపి చెప్పారని శంకరుల తాత్పర్యం. ప్రవచనం ఎందుకో కూడా ఆయన చెప్పారు: చదివినది మరిచిపోకుండా ఉండడానికి, ధర్మం పెరగడానికి.

అనువాకం చివర ముగ్గురి అభిప్రాయాలు ఉన్నాయి. సత్యమొక్కటే చాలని రాథీతరుడు, తపస్సే చాలని పౌరుశిష్టి, స్వాధ్యాయ ప్రవచనాలే చాలని మౌద్గల్యుడైన నాకుడు అన్నారు. ఉపనిషత్తు మూడో మాట దగ్గర ఆగి అదే తపస్సని నిర్ధారిస్తుంది. అడవికి వెళ్లి చేసే తపస్సుకు సమానమైనదాన్ని చుట్టాలూ పిల్లలూ ఉన్న ఇంట్లోనే పెట్టడం ఎంత పెద్ద మాటో తేలిగ్గా తెలియదు.

అదే శాఖలోని తైత్తిరీయారణ్యకం రెండో ప్రపాఠకం ఈ చదువుకు బ్రహ్మయజ్ఞమని పేరుపెట్టి గృహస్థుడి పంచ మహాయజ్ఞాల్లో చేర్చింది. ఎంత చదవాలన్న దగ్గర దాని ఉదారత చూడదగ్గది. ఒక్క ఋక్కు, లేదా ఒక్క యజుస్సు, ఒక్క సామం చదివినా ఆనాటి యజ్ఞం పూర్తయినట్టే. ఊళ్లో ఉన్నవాడు మనసులోనే చదువుకోవచ్చు; శక్తి లేనివాడు నిలబడో, నడుస్తూనో, కూర్చునో, పడుకునో చదవవచ్చు; మానడం మాత్రం కూడదు. శతపథ బ్రాహ్మణం మరో అడుగు ముందుకు వేసి, ఒంటికి నూనె రాసుకుని, కడుపునిండా తిని, మెత్తని పడకమీద పడుకుని చదివినవాడు కూడా గోళ్ల చివర్లదాకా తపస్సు చేసినట్టేనంటుంది. ధర్మశాస్త్రాలు ముఖ్యకల్పమనీ అనుకల్పమనీ రెండు దారులు ఉంచింది ఇందుకే. కుదిరినవాడికి మొదటిది, కుదరనివాడికి రెండోది. కార్తికంలోనూ నెలంతా నియమం పాటించలేనివాళ్లకు ఏకాదశి నుంచి పున్నమి దాకా ఉన్న భీష్మ పంచకం అయిదు రోజులు విడిగా ఉన్నాయి. ఈ వెసులుబాట్లను నియమం సడలిపోవడంగా చూడకూడదు. తీరిక లేని మనిషిని చదువునుంచి వెలివేయకూడదన్న పట్టుదల వాటి వెనుక ఉంది.

చదువుకోసం ఇంటిని వదిలినవాడి సంగతి మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన తెలిగించాడు కాబట్టి ధర్మవ్యాధుడి కథ తెలుగువాళ్లకు ఆయన చేతిమీదుగా అందింది. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టుకింద వేదం వల్లిస్తుండగా పైనున్న కొంగ రెట్ట వేసింది. అతను కోపంగా చూసేసరికి అది చచ్చి పడింది. తర్వాత అతను భిక్షకు ఒక ఇంటికి వెళ్లాడు. ఇల్లాలు ఉండమని చెప్పి, అంతలో ఆకలితో వచ్చిన భర్తకు అన్నం పెట్టి, ఆలస్యంగా భిక్ష తెచ్చింది. కౌశికుడు మండిపడ్డాడు. తాను కొంగను కాననీ, వేదం చదివినా ధర్మం అతనికి తెలియలేదనీ, మిథిలకు వెళ్లి మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుణ్ణి అడగమనీ ఆమె చెప్పింది.

కథను చాలామంది ఇక్కడిదాకానే చెబుతారు. అసలు దెబ్బ చివర్లో ఉంది. ధర్మవ్యాధుడు కౌశికుణ్ణి తన ఇంటికి తీసుకువెళ్లి ముసలి తల్లిదండ్రులను చూపించి, వీళ్లే తన దేవతలన్నాడు. ఆ తర్వాత కౌశికుడి తప్పు అతని ముందు పెట్టాడు. వేదం చదువుకోవాలన్న ఆశతో తల్లిదండ్రుల అనుమతి లేకుండానే ఇల్లు వదిలి వచ్చాడు కౌశికుడు. ఆ దుఃఖంతో ముసలివాళ్లకు చూపు పోయింది. వెంటనే వెళ్లి వాళ్లను సేవించమన్నాడు. కౌశికుడు ఇంటికి తిరిగి వెళ్లాడు. వేదాధ్యయనాన్ని పొగిడే గ్రంథమే, ఇంటివాళ్ల కళ్లు పోగొట్టిన చదువును ఒప్పుకోలేదు. ఇక్కడ గురువులయినవాళ్లను కూడా చూడాలి. ఒకరు వంటింట్లోంచి వచ్చిన ఇల్లాలు, ఒకరు మాంసపు కొట్టు నడిపే మనిషి. ఇద్దరికీ పని ఉంది, ఇద్దరూ పని మధ్యలోనే మాట్లాడారు.

అయితే గట్టి ఆక్షేపణ ఒకటి మిగిలే ఉంటుంది. పని మధ్య చదివినవాడికి అర్థం ఎంత తలకెక్కుతుంది? మంత్రాలకు అర్థమే లేదని వాదించిన కౌత్సుడి మాటను యాస్కుడు నిరుక్తంలో ఎత్తి చూపి ఖండించాడు. వేదం చదివి అర్థం తెలియనివాడు బరువు మోసే స్తంభంతో సమానమన్న పాత శ్లోకమూ నిరుక్తంలోనే ఉంది. మీమాంసకులు స్వాధ్యాయ విధి మీద సుదీర్ఘంగా చర్చించి, అక్షరాలు పట్టుకోవడంతో చదువు ఆగదనీ, అర్థజ్ఞానం దాకా సాగాలనీ భాట్టమతంలో స్థిరపరిచారు. పెదవులు కదిలితే చాలునన్న నమ్మకానికి శాస్త్రంలో పూర్తి మద్దతు దొరకదు. పారాయణం పేరుతో నోరు ఒకచోట, బుద్ధి ఒకచోట ఉండే అలవాటును ఎవరూ మెచ్చుకోలేదు.

ఈ ఆక్షేపణను పక్కకు నెట్టడం తగదు. కాని అర్థం చదివే క్షణంలోనే పట్టుబడాలన్న నియమం ఎక్కడా లేదు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు చెప్పింది భార్య మైత్రేయికి. సన్న్యసించి వెళ్లిపోయే ముందు ఇద్దరు భార్యలకూ ఆస్తి పంచుతానన్న సందర్భంలో, ఇంట్లోనే ఆ సంభాషణ జరిగింది. వినడానికి కాసేపు కూర్చోవాలి. మననానికి కూర్చోనవసరం లేదు. పొద్దున విన్న అంబరీషుడి కథలో, ద్వాదశి ఘడియలు దాటిపోతుంటే అతిథి దుర్వాసుడు రాకముందే పారణ చేయడమా, వ్రతభంగమా అన్న సంకటం మనసులో పడితే, అది కూర తరుగుతున్నంతసేపూ, బస్సులో నిలబడినంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అంబరీషుడు నీళ్లు మాత్రం తాగి రెండింటినీ నిలబెట్టుకోజూశాడు. అది సరైన తెలివా, తప్పించుకోవడమా? చేతులు పనిలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నకు చోటు బాగానే ఉంటుంది. గదిలో తలుపు వేసుకుని పది అధ్యాయాలు ఏకబిగిన చదివినవాడికి ఈ నాన్పు దక్కకపోవచ్చు. రోజుకో అధ్యాయమన్న ఏర్పాటులో ఉన్న అసలు బలం ఇదే.

మననాన్ని నలుగురిలోకి తెచ్చేది ప్రవచనం. నేడు ఆ మాట వినగానే వేదిక, మైకు గుర్తొస్తాయి. ఉపనిషత్తులో దానికి అంత ఆర్భాటం అక్కర్లేదు. చదివినది మరొకరికి చెప్పగలగడమే. అన్నం తినేటప్పుడు పిల్లవాడు అజామిళుడి సంగతి అడుగుతాడు. జీవితమంతా తప్పులు చేసి, చనిపోయేముందు కొడుకును నారాయణా అని పిలిచినందుకే విష్ణుదూతలు వచ్చారంటే, మంచిగా బతికినవాళ్లకు అన్యాయం కాదా అంటాడు. జవాబు చెప్పాలంటే పెద్దవాళ్లు మళ్లీ పుస్తకం తెరవాలి. పొద్దున పరధ్యానంగా చదివిన పుట ఈసారి నిజంగా చదవబడుతుంది. చదువును చెడగొడుతుందనుకున్న సంసారమే అలా దాన్ని పూర్తిచేస్తుంది. ఒంటరిగా చదివేవాడికి ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. మరిచిపోకుండా ఉండడానికే ప్రవచనమన్న శంకరుల మాట భోజనాల దగ్గర ఇలా ఫలిస్తుంది.

ఇదంతా చెప్పేటప్పుడు తీరిక అందరికీ ఒకేలా దక్కలేదన్న నిజాన్ని దాటవేయకూడదు. ఉపనయనం ఉన్న మగవాళ్లకే వేదాధ్యయనాన్ని పరిమితం చేసిన సంప్రదాయం స్త్రీలనూ శూద్రులనూ బయటే నిలబెట్టింది. వాళ్లకోసం వ్యాసుడు భారతం రచించాడని భాగవతం ప్రథమ స్కంధం చెబుతుంది. చెప్పిన కారణంలో ఆ గీత గీసిన అన్యాయం అలాగే కనిపిస్తుంది. అయినా ఫలితం గొప్పది. పురాణం దేశభాషలో పైకి చదివే వస్తువు అయింది. ఒకరు చదివితే పదిమంది వినవచ్చు. వినేవాళ్లు వత్తులు చేసుకుంటూ, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినవచ్చు. అక్షరాలు రాని ముసలమ్మకు కథలన్నీ కంఠతా ఉండడం తెలుగు ఊళ్లలో వింత కాదు. అచ్చు వచ్చాక, చవకైన వచన పుస్తకాలు ఊరూరికీ చేరాక, చదివి వినిపించేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువయ్యారు.

ఆ ఆడవాళ్లు చెప్పుకునే కథే పోలి స్వర్గం. అమావాస్య మర్నాడు, మార్గశిర పాడ్యమినాడు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతూ ఈ కథ చెప్పుకుంటారు. ఊరికొక తీరుగా చెప్పినా దాని కట్టు ఒకటే. అత్తగారు పెద్దకోడళ్లను వెంటబెట్టుకుని కార్తిక స్నానానికి ఏటికి వెళ్తుంది. చిన్నకోడలు పోలి మీద ఇంటిపనంతా పడేసి, దీపం పెట్టుకోవడానికి నూనె, వత్తి కూడా అందకుండా చేసి పోతుంది. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి, నూతి దగ్గర స్నానం చేసి దీపం వెలిగించి, అత్త కంటపడకుండా దానిమీద బుట్ట బోర్లించి మళ్లీ పనిలో పడుతుంది. నెల గడిచాక విమానం ఆమె కోసమే వస్తుంది. అత్తా తోడికోడళ్లూ కాళ్లు పట్టుకుని వేలాడినా వాళ్లకు పైకి వెళ్లే యోగం లేదు.

ఈ కథను వినయానికి దక్కిన బహుమానంగా మాత్రమే చదివితే సగం పోతుంది. పోలికి తీరిక లేకపోవడం దైవికం కాదు. ఇంట్లోవాళ్లే దాన్ని లాక్కున్నారు. తీరిక లాక్కున్నవాళ్ల వ్రతం వ్రతం కాలేదన్నది కథలోని తీర్పు. తైత్తిరీయం చుట్టాల పక్కన, పిల్లల పక్కన చదువును పెట్టినప్పుడు ఆ చదువు ఎవరిదన్నది చెప్పలేదు. పోలి కథ ఆ ఖాళీని నింపింది. ఇంట్లో ఒకరు నెలంతా నిష్ఠగా పారాయణం చేయడానికి మరొకరు నెలంతా పుస్తకం ముట్టకుండా వంట చేయవలసి వస్తే, ఆ ఇంటి పారాయణంలో లోపం ఉంది. పుస్తకం చేతులు మారడం, ఒకరు చదువుతుంటే మరొకరు గిన్నెలు తోమడం, మర్నాడు అటూ ఇటూ కావడం ఆ లోపాన్ని తీర్చే దారి. వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుని చదివినా తీరుతుంది.

నెలకు సరిపడా భాగాలు చేసుకుని చదవడం ఒక్క మతంలోనిదే కాదు. ధనుర్మాసంలో వైష్ణవుల ఇళ్లలో తిరుప్పావై ముప్పై పాశురాలు రోజుకొకటిగా సాగుతాయి. రంజాన్ నెలలో ముస్లిముల ఇళ్లలో ముప్పై పారాల ఖురాన్ పూర్తిచేస్తారు. హైదరాబాదులో, కర్నూలులో, గుంటూరులో ఆ నెల సహరీ వంటకు తెల్లవారకముందే లేచి, పగలంతా ఉపవాసంతో ఉద్యోగం చేసి, ఇఫ్తార్ సర్ది, రాత్రి తరావీహ్ నమాజు దాకా నిలబడేవాళ్లకు పని తక్కువేమీ కాదు. అరబ్బీలో చదివింది ఎంత అర్థమైందన్న ప్రశ్న వాళ్లకూ ఉంది. ఆ అవసరానికి తెలుగు అనువాదాలు ఉన్నాయి. హదీసు సంపుటాల్లో అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ అనే సహచరుడి ఉదంతం ఉంది. రోజూ ఉపవాసం ఉండి, ప్రతి రాత్రీ ఖురాన్ పూర్తిచేసే అతనికి ప్రవక్త ముహమ్మద్ ఒంటికీ కళ్లకూ భార్యకూ చుట్టాలకూ అతని మీద హక్కు ఉందని గుర్తుచేసి, నెలకొకసారి పూర్తిచేయమని చెప్పారు. అతను ఇంకా చదవగలనని పట్టుబట్టగా చివరికి ఏడు రోజులకు తగ్గకూడదని హద్దు పెట్టారు. ముసలితనంలో అబ్దుల్లా ఆ వెసులుబాటును ఒప్పుకుని ఉంటే బాగుండేదని బాధపడ్డాడు. తైత్తిరీయం చదువు పక్కన చుట్టాలనూ పిల్లలనూ నిలబెట్టింది. ఇక్కడ చుట్టాలూ భార్యా హక్కుదారులై నిలబడ్డారు. కాలంలోనూ దేశంలోనూ ఎంతో దూరంగా ఉన్న రెండు సంప్రదాయాలు ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికంగా కనబడదు. దేవుడి మాటను చదివేవాడు ఇంటివాళ్లకు బాకీపడి ఉండకూడదన్న ఎరుక రెండింటిలోనూ ఉంది.

ఇంట్లో చెప్పుకునే చదువుకు మరో బాధ్యత కూడా ఉంది. కార్తిక పురాణంలో ఒక్క దీపానికి, ఒక్క స్నానానికి చెప్పిన ఫలాలు ఆకాశమంత పెద్దవి. ఇలాంటి వాక్యాలను మీమాంసకులు అర్థవాదాలన్నారు. పనికి పురికొల్పే పొగడ్తగా వాటిని తీసుకోవాలి, అక్షరాలా లెక్కకట్టకూడదు. పిల్లలకు ఈ సంగతి చెప్పకపోతే వాళ్లు మూఢంగా నమ్ముతారు, లేకపోతే మొత్తంగా నవ్వి వదిలేస్తారు. కులాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి మనుషులను తక్కువచేసే మాటలూ ఈ కథల్లో ఎదురవుతాయి. చదివేవాళ్లు అక్కడ గొంతు తగ్గించి గబగబా దాటేయడం కన్నా ఆగి, ఇది ఎందుకు తప్పో చెప్పడం ప్రవచనంలో భాగం.

అందుకు ఆధారం అదే శీక్షావల్లిలో ఉంది. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు పదకొండో అనువాకంలో చివరి ఉపదేశం చేస్తాడు. సంతానాన్ని తెంచుకోవద్దంటాడు, తల్లిని తండ్రిని ఆచార్యుణ్ణి అతిథిని దేవతలుగా చూడమంటాడు, స్వాధ్యాయ ప్రవచనాల్లో ఏమరుపాటు వద్దంటాడు. ఆ ఉపదేశంలోనే, తమ నడవడిలో మంచివాటినే అనుసరించమనీ తక్కినవాటిని అనుసరించవద్దనీ గురువు తన గురించి తానే చెబుతాడు. గురువు విషయంలోనే ఏరుకొమ్మన్న ఉపదేశాన్ని పుస్తకానికీ వర్తింపజేయవచ్చు. ఆ ఏరివేతకు పదిమంది ఉన్న ఇల్లు తగిన చోటు. ఒకరికి తోచని తప్పు ఇంకొకరికి తోస్తుంది, పెద్దలు అలవాటుగా దాటిపోయే వాక్యం దగ్గర పిల్లలు ఆగుతారు.